మూర్తి అంకుల్ వద్దన్న రిసీవర్

2023 నాటికి నేను నార్తాంప్టన్ శివార్లలో, ఒక ట్రేడింగ్ ఎస్టేట్‌లో, టైర్ల దుకాణానికీ పుట్టినరోజు కేకులు చేసే దుకాణానికీ మధ్య ఇరుక్కున్న వర్క్‌షాప్‌లో పాత టెలిఫోన్లు బాగుచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. టెలికమ్యూనికేషన్స్‌లో ఎంఎస్సీ చెయ్యడానికి కడప నుంచి వచ్చి, 5జీ మీద ప్రాజెక్టు రాసి, చివరికి వందేళ్ళ కిందటి ఫోన్ల దగ్గర తేలాను. మా అమ్మ బంధువులకు "మావాడు టెలికాంలో ఉన్నాడు" అని చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఏ శతాబ్దపు టెలికాం అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఈ పని గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఈ ఇంగ్లీషువాళ్ళ దేశంలో రాగి తీగల ఫోన్ లైన్లు మూసేసి, అందరినీ బ్రాడ్‌బ్యాండ్ మీదికి మారుస్తున్నారు. దాంతో అమ్మమ్మల నాటి డయల్ ఫోన్లు ఉన్నట్టుండి మూగబోతున్నాయి. డయల్ తిప్పితే వచ్చే టకటకల్ని కొత్త రూటర్‌కు అర్థమయ్యే మోతలుగా మార్చే చిన్న పెట్టె ఒకటుంటుంది. దాన్ని కన్వర్టర్ అంటాం. మా పనిలో ఎక్కువ భాగం ఆ పెట్టెలు అమర్చడమే. మిగిలిన కాలం కలెక్టర్లది. కలెక్టర్లు అంటే జిల్లా కలెక్టర్లు కాదు, పాత ఫోన్లు సేకరించేవాళ్ళు. అయితే హోదా విషయంలో వీళ్ళేమీ తక్కువ తినలేదు.

మా యజమాని డెరెక్‌కు అరవై దాటాయి. రోజుకు సరిపడా మాటల కోటాను ఆయన ఉదయం టీ తాగేలోపే ఖర్చు చేసేస్తారు. వర్క్‌షాప్‌లో ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఒక క్లయింటు ఇంట్లో ఏముందో ఆ క్లయింటు అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. సేకరణల లోకంలో ఈ నియమం తప్పితే స్నేహాలూ, ఒక్కోసారి తాళాలూ పగులుతాయట.

ఆ ఏడాది మార్చిలో మూర్తి అంకుల్ మొదటిసారి మా వర్క్‌షాప్‌కు వచ్చారు. పూర్తి పేరు సత్యనారాయణమూర్తి. స్లౌ అనే ఊళ్ళో ఉంటారు, సొంత ఊరు గోదావరి వైపు రామచంద్రపురం. ఒక చేతిలో బాత్ టవల్‌లో పసిపిల్లలా చుట్టిన వస్తువు, ఇంకో చేతిలో జంతికల డబ్బా. నా చొక్కా మీది పేరు చదివి, "మనవాళ్ళేనాండి?" అని అడిగారు. మాది కడప అని చెబితే చాలామంది నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఈయన ముందుకు వచ్చి చెయ్యి పట్టుకుని, "చాలా మంచి ఊరండి" అన్నారు. ఎప్పుడు వెళ్ళారని అడిగితే, వెళ్ళలేదన్నారు.

టవల్ విప్పితే క్యాండిల్‌స్టిక్ బయటపడింది. పేరుకు తగ్గట్టే అది కొవ్వొత్తి స్తంభంలా ఉండే ఫోన్. గుండ్రటి దిమ్మె, దాని మీద నిటారుగా ఇత్తడి కాండం, పైన మాట్లాడటానికి గరాటు లాంటి ట్రాన్స్‌మిటర్, పక్కన కొక్కేనికి వేలాడే రిసీవర్. ఒక చేత్తో కాండం పట్టుకుని, ఇంకో చేత్తో రిసీవర్‌ను చెవికి ఆనించుకోవాలి. అంటే ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడటం తప్ప ఇంకే పనీ చెయ్యలేం. మా తరానికి ఇది చిత్రహింస కిందికి వస్తుంది.

అందరూ సేకరించే క్యాండిల్‌స్టిక్‌లు వేరు, మూర్తి అంకుల్ సేకరించేవి వేరు. టెలిఫోన్ మీద తొలి పేటెంట్ల గడువు తీరగానే అమెరికాలో వీధికొకటిగా చిన్న చిన్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఆ పేటెంట్లున్న పెద్ద కంపెనీ తీగ లాగడానికి ఇష్టపడని పల్లెలకూ, పొలాల్లోని ఇళ్ళకూ ఫోన్లు చేసి ఇచ్చింది వీళ్ళే. కలెక్టర్లు వీళ్ళను ఇండిపెండెంట్లు అంటారు. ఆ తర్వాత చాలామంది మునిగిపోయారు, లేదా పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళిపోయారు. అంకుల్ ఇంట్లో ఉన్నవన్నీ వీళ్ళు చేసినవే. ఎందుకని అడిగితే, "నెగ్గినవాడి ఫోను ప్రతి మ్యూజియంలోనూ ఉంటుందండి. ఓడిపోయినవాడిది మా ఇంట్లో ఉంటుంది" అన్నారు.

ఆ మాట వెనక ఉన్న కథ జంతికలు సగం అయ్యేసరికి తెలిసింది. ఆయనకూ ఒకప్పుడు చిన్న కంపెనీ ఉండేది. ఫ్లాట్ల వీధి తలుపులకు బిగించే ఇంటర్‌కమ్‌లు చేసేవారు. అమ్మేది లేదని ఎంత చెప్పినా ఒక పెద్ద కంపెనీ చుట్టూ తిరిగి, భాగస్వాముల్ని ఒక్కొక్కరినీ ఒప్పించి, కొనేసి, ఆ తర్వాతి వేసవికల్లా మూసేసింది. ఇదంతా ఆయన వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

ఆయన తెచ్చిన ఫోన్ చేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు తెలియదు; ఆ కంపెనీ కష్టం కూడా అదే. కొద్దికాలమే బతికింది. అలాంటి ఫోన్ ఈ దేశంలో ఇంకొకటి ఉన్నట్టు అంకుల్‌కు గానీ డెరెక్‌కు గానీ తెలియదు. దిమ్మె అసలుదే, కొక్కెం అసలుదే, ట్రాన్స్‌మిటర్ మీద కంపెనీ పేరు కూడా ఉంది. రిసీవర్ మాత్రం పరాయిది, అదీ పేటెంట్ల నాటి ఆ అమెరికా పెద్ద కంపెనీది. ఇలా ఒకరి ఒంటికి ఇంకొకరి అవయవం తగిలించిన ఫోన్‌ను మా పనిలో మ్యారీడ్ పీస్ అంటారు. చూడటానికి బాగానే ఉంటుంది, పని కూడా చేస్తుంది, కానీ తెలిసినవాళ్ళు చూసి ఒక నిట్టూర్పు విడుస్తారు.

పోయేది ఎప్పుడూ రిసీవరే. చేతిలోంచి జారేది అదొక్కటే కదా. గట్టి రబ్బరు డొల్ల రాతి గచ్చు మీద పడితే ముక్కలవుతుంది, దుకాణంలో దొరికింది తెచ్చి తగిలిస్తారు. అసలు రిసీవర్ ఎలా ఉండాలో అంకుల్ నాకు వివరించారు. సన్నగా, పొడుగ్గా ఉండాలి. తీగ కలిపే రెండు ఇత్తడి స్క్రూలు తోక దగ్గర బయటికే కనిపించాలి. దీన్ని ఔట్‌సైడ్ టర్మినల్ అంటాం. తర్వాతివాళ్ళు వాటిని లోపల దాచేశారు. చెవికి ఆనే మూత అంచు మీద నాణెం అంచుకు ఉన్నట్టు సన్నటి గీతలుండాలి. ఆ ఫోన్ కొన్న రోజు నుంచి ఆయన ఆ రిసీవర్ కోసం వెతుకుతూనే ఉన్నారు. వేలంపాటలు, పాత సామాన్ల సంతలు, ముక్కూ ముఖం తెలియని అమెరికా రైతులతో ఈమెయిళ్ళు.

"దీన్ని ఒక్కసారి పూర్తిగా చూడాలి బాబూ. ఆళ్ళు పెట్టెలో పెట్టి పంపినప్పుడు ఎలా ఉందో అలా. అంతే" అన్నారు. ట్రాన్స్‌మిటర్ లోపలి కార్బన్ పలుకులు గడ్డకట్టి గొంతు పోయింది, అది మాత్రం నేను బాగుచెయ్యగలనన్నాను. ఫోన్ నా దగ్గర వదిలి వెళ్తూ ఆయన దాన్ని టవల్‌తోనే కాసేపు తుడిచారు. అక్కడ దుమ్మేమీ లేదు.

జూన్‌లో స్టీవెనేజ్ నుంచి జోన్ అనే ఆమె వర్క్‌షాప్‌కు ఫోన్ చేశారు. ఆమె భర్త కెన్ విమాన భాగాలు చేసే సంస్థలో ఇంజినీరుగా పనిచేసి రిటైరై, అంతకుముందు శీతాకాలంలో పోయారట. ఒక గది నిండా పాత ఫోన్లున్నాయి, ఆమె చిన్న ఫ్లాట్‌కు మారుతున్నారు, ఏది ఏమిటో ఎవరైనా చూసి చెబితే బాగుంటుందన్నారు. డెరెక్ నన్ను పంపారు.

కెన్ కలెక్టర్ కాదు, ఆశావాది. కనిపించిందల్లా కొన్నారు. మూడు అలమరాల ఫోన్లలో చెప్పుకోదగ్గది లేదు. ఇక లేద్దామనుకుంటుండగా, కిటికీ పక్కన ఒక మామూలు క్యాండిల్‌స్టిక్‌కు దానిది కాని రిసీవర్ వేలాడుతూ కనిపించింది. సన్నగా, పొడుగ్గా. తోక దగ్గర రెండు ఇత్తడి స్క్రూలు. మూత అంచున గీతలు. నా గుండె ఆగిపోయిందని రాయాలని ఉంది. ఆగలేదు. టీ కప్పును సాసర్‌లో పెట్టబోయి ఆమె పుస్తకం మీద పెట్టాను, అంతవరకే జరిగింది.

నియమం ప్రకారం అక్కడ ఏమీ అనలేదు. తిరిగొచ్చి డెరెక్‌కు చెబితే, ఆయన ఆ పూట మిగిలిన మాటలన్నీ కలిపి, "ముందు ఆమెను అడుగు" అన్నారు. జోన్‌కు ఫోన్ చేసి, ఆ రిసీవర్ గురించి చాలా తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, వచ్చి చూడవచ్చా అని అడిగాను. తప్పకుండా, టీకి తీసుకురమ్మన్నారు. అప్పుడు మూర్తి అంకుల్‌కు ఫోన్ చేశాను. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను పోయిందనుకుని నా వృత్తిరీత్యా తీగ చూసుకున్నాను. లైను బాగానే ఉంది.

శనివారం స్టీవెనేజ్ స్టేషన్ కార్ పార్క్‌లో కలుసుకుని ఆయన కారులో బయల్దేరాం. సూటు వేసుకొచ్చారు. వెనక సీట్లో రాజేశ్వరి ఆంటీ, అంటే ఆయన భార్య, జోన్ కోసం చేసి పంపిన సున్నుండలున్నాయి. దారిలో నేనొక విషయం స్పష్టంగా చెప్పాను. జోన్ ఆ వస్తువు ఇచ్చేస్తానని అనవచ్చు, అంటే వెంటనే తీసుకోమని.

"ఈడ ఒక్కసారే అడుగుతారు అంకుల్. మన మాదిరి బతిమాలరు."

"ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. నాకు చెబుతున్నావా బాబూ?"

"ఆఫీసుల్లో ఉంటిరి అంకుల్. టీకి పిలిస్తే పోయిందెప్పుడు?"

ఆయన నవ్వి, "ఆయ్, అలాగేలే, తీసుకుంటాను" అన్నారు. నేను నమ్మాను. గోదావరి జిల్లాల మర్యాద ఎంత లోతో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. అక్కడ ఇచ్చింది ఇచ్చినట్టు పుచ్చుకుంటే ఆబగా ఉన్నట్టు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకా గట్టిగా వద్దనాలి. మూడోసారి ఇచ్చేవాళ్ళు కోప్పడాలి, అప్పుడు తప్పనిసరైనట్టు ముఖం పెట్టి తీసుకోవాలి. కడపలో మాకూ ఈ పద్ధతి ఉంది గానీ, మేము రెండోసారికే లొంగిపోతాం.

జోన్ మమ్మల్ని తోట వైపు గదిలో కూర్చోబెట్టి బిస్కెట్ల ప్లేటు చాపారు. అంకుల్ పొద్దున్నుంచీ ఏమీ తినలేదని నాకు తెలుసు. "నో నో, థాంక్యూ" అన్నారు. జోన్ ప్లేటు తీసుకెళ్ళి బల్ల అవతలి చివర పెట్టేశారు. ఆయన చూపు కాసేపు ఆ ప్లేటుతోపాటు వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చింది. అక్కడే నాకు భయం మొదలైంది.

రిసీవర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. అంకుల్ దాన్ని వెంటనే ముట్టుకోలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నేను స్క్రూలకు రెండు తీగలు తగిలించి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీకి ఆనించాను. రిసీవర్ లోపలి కాయిల్ బతికే ఉంటే ఆనించిన ప్రతిసారీ టిక్కుమని చప్పుడు వస్తుంది. ఇంతకన్నా గొప్ప పరీక్ష మా పనిలో లేదు. ఆయన దాన్ని చెవికి ఆనించుకున్నారు. నేను తీగ తాకించాను. ఆయన ముఖం చూసి ఇంకోసారి తాకించాను, అవసరం లేకపోయినా. నాలుగైదుసార్లు తాకించి ఉంటాను.

ఇది ఏ కంపెనీది, ఎందుకు ముఖ్యం, మిగతా ఫోన్ ఎక్కడుంది, అన్నీ ఆయనే జోన్‌కు చెప్పారు. ఓడిపోయిన ఆ చిన్న కంపెనీ గురించి, తన సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెప్పారు. జోన్ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నారు. కెన్ దీన్ని అమెరికాలో ఏదో సంతలో కొన్నారని, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారని, ఎందుకు కొన్నారో ఆయనకూ తెలియదని చెప్పారు. తర్వాత రిసీవర్‌ను రెండు చేతులతో తీసి అంకుల్ వైపు జరిపారు.

"ఇది మీరు తీసుకోండి. కెన్‌కూ అదే నచ్చేది."

అంకుల్ రెండు అరచేతులూ ఎత్తి అడ్డుపెట్టారు.

"నో నో మేడమ్. ఇది ఆయన వెతికి తెచ్చుకున్న వస్తువు. ఇది ఆయన దగ్గరే ఉండాలి."

"ఆర్ యూ ష్యూర్?"

"హండ్రెడ్ పర్సెంట్, మేడమ్."

నేను కల్పించుకుని, నిజానికి ఈయన చాలా ఏళ్ళుగా దీనికోసమే అని మొదలుపెట్టాను. టేబుల్ కింద నా పాదం మీద ఆయన బూటు పడింది. చిరునవ్వు చెదరకుండా, జోన్ వైపే చూస్తూ, తెలుగులో నెమ్మదిగా అన్నారు: "ఊరుకో బాబూ. ఇంకోసారి అడుగుతారు."

జోన్ అడగలేదు. ఆమె కళ్ళు తడిశాయి. చాలా మంచి మాట చెప్పారంటూ రిసీవర్‌ను తెల్లటి టిష్యూ కాగితంలో చుట్టి, డ్రాయర్‌లో పెట్టి మూసేశారు.

ఆ తర్వాత ఇంకో గంట కూర్చున్నాం. ఆ గంటలో అంకుల్ జోన్‌కు ఇచ్చినన్ని అవకాశాలు ఏ బ్యాంకూ ఎవరికీ ఇచ్చి ఉండదు. గులాబీల గురించి మాట్లాడి రిసీవర్ దగ్గరికి వచ్చారు. కొత్త ఫ్లాట్ గురించి అడిగి రిసీవర్ దగ్గరికి వచ్చారు. అలాంటి వస్తువు మళ్ళీ దొరకడం కష్టమన్నారు. ప్రతిసారీ జోన్ ఆయన చేతి మీద చెయ్యి వేసి, మీరు అర్థం చేసుకున్నందుకు థాంక్యూ అన్నారు.

కారు ఎక్కాక ఆయన తాళంచెవి తిప్పలేదు.

"అడగలేదేం బాబూ?"

"రెండుసార్లు అడిగినారు కదా అంకుల్."

"రెండే కదా."

"ఈడ అదే ఎక్కువ."

ఇప్పుడే లోపలికి వెళ్ళి చెప్పేస్తానన్నాను. ఒప్పుకోలేదు. సోమవారం వర్క్‌షాప్ నుంచి నేనే ఫోన్ చేసి, నా తరఫున అడిగినట్టు అడుగుతానన్నాను. వద్దన్న వస్తువును మళ్ళీ అడిగితే ఆవిడ ఏమనుకుంటారు, తానన్న మాట ఏం కావాలి అన్నారు. క్లయింటు ఒప్పుకోనిది బయటికి చెప్పకూడదన్న డెరెక్ నియమం నా నోటికే తాళం వేసింది, అంకుల్ గౌరవం నా ఫోన్‌కు కూడా వేసింది. ఆవిడే పిలుస్తారు, చూస్తూ ఉండు అన్నారు చివరికి. నన్ను నార్తాంప్టన్‌లో దింపే దారిలో, మోటార్‌వే పక్కన తిండి దొరికే సర్వీసెస్‌లో ఆగి రెండు శాండ్‌విచ్‌లు తిన్నారు. అక్కడ ఎవరూ బతిమాలలేదు.

ఆయన అన్నట్టే జోన్ పిలిచారు. రెండు వారాల తర్వాత. కెన్ బూడిదను కౌన్సిల్ సెమెట్రీలో, అంటే ఊరి శ్మశానంలో, చిన్న పెట్టెలో పెట్టి పూడుస్తున్నామని, కుటుంబం మాత్రమే వస్తోందని, మూర్తిగారు కూడా వస్తే బాగుంటుందని. ఆయన అన్న మాట తనకు చాలా ధైర్యం ఇచ్చిందని కూడా చెప్పారు. నేను అంకుల్‌కు ఆ మాట అందించాను.

"చూశావా" అన్నారు.

సెమెట్రీ దగ్గర సన్నగా తుంపర పడుతోంది. జోన్, ఆమె కూతురు, నాలుగు మాటలు చెప్పడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, మేమిద్దరం. అంకుల్ ఓవర్‌కోట్ కుడి జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఏమిటని సైగ చేస్తే కొంచెం తెరిచి చూపించారు. బబుల్ ర్యాప్, నొక్కితే పేలే గాలిబుడగల ప్లాస్టిక్. కాఫీకి పిలిస్తారు, అప్పుడు ఇస్తారు, చుట్టుకోవడానికి ఏదీ లేకపోతే ఎలా అని గుసగుసగా చెప్పారు. మూడోసారికి ఆయన పూర్తిగా సిద్ధంగా ఉన్నారు.

గోతి పక్కన చెక్కపెట్టె ఉంది. జోన్ మా దగ్గరికి వచ్చి అంకుల్ చెయ్యి పట్టుకున్నారు.

"మీరు చెప్పినట్టే చేశాను. ఆయన దగ్గరే ఉండాలన్నారు కదా. పెట్టెలో ఆయనకు తోడుగా ఏం పెట్టాలో తెలియక నెలల తరబడి తేల్చుకోలేకపోయాను. రిసీవర్ ఆయనతోనే పెట్టేశాను."

అంకుల్ కుడి చెయ్యి జేబులో ఉంది. జేబులోంచి టప్పుమని ఒక్క చప్పుడు వచ్చింది. తర్వాత తల ఊపి, "చాలా మంచి పని చేశారు మేడమ్" అన్నారు. ఆయన గొంతులో ఎక్కడా వణుకు లేదు. నేను ఆ గొంతును చాలా శ్రద్ధగా విన్నాను, వినడం నా పని.

ఆ పెట్టె మూతకు మామూలు ఇత్తడి స్క్రూలే ఉన్నాయి. నా బ్యాగులో సరిపోయే స్క్రూడ్రైవర్ ఉంది. ఇలాంటి విషయాలు ఆలోచించకూడదు, నేను ఆలోచించాను. ఈ సెమెట్రీ మొత్తం మీద ల్యాండ్‌లైన్ ఉన్నది కెన్‌కు ఒక్కడికే అనే జోకు కూడా అప్పుడే తట్టింది. సాధారణంగా నాకు తట్టిన జోకు నోట్లో నిలవదు. ఆ రోజు నిలిచింది. పెద్దమనిషి నాలుగు మాటలు చెప్పారు, పెట్టె దించారు, జోన్ కూతురు ఒక గులాబీ వేసింది. కాఫీకి పిలిచారు. అంకుల్ మొదటిసారికే వస్తానన్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు, మోటార్‌వే మీదికి వచ్చాక ఆయనే మొదలుపెట్టారు.

"కంపెనీ అమ్మనని ఎంతమందికి చెప్పానో బాబూ. కాళ్ళకు అడ్డంపడి చెప్పాను. ఒక్కడూ వినలేదు. నా మాట అన్నది అన్నట్టు విన్న మనిషి ఈవిడొక్కతే."

వైపర్ల వేగం తగ్గించి, "అదీ ఉత్తుత్తినే అన్న మాట" అన్నారు.

రేడియో పెడదామా అని అడిగాను. పెట్టమన్నారు. అందులో ట్రాఫిక్ వార్తలు వచ్చాయి, ఇద్దరం పరీక్షకు చదివినట్టు విన్నాం.

ట్రాన్స్‌మిటర్ పని పూర్తిచేసి ఆగస్టులో ఫోన్‌ను స్లౌ తీసుకెళ్ళాను. రాజేశ్వరి ఆంటీ నాకు పెసరట్టు వేస్తూ జరిగినదంతా నా నోటితో మళ్ళీ చెప్పించుకున్నారు. భర్త చెప్పిన కథలో ఆవిడకు నమ్మకం లేదట. అందులో తప్పంతా తుంపరదే అయిందట. విన్నాక అట్లకాడతో ఆయన వైపు చూపించారు. "మా పెళ్ళిచూపుల్లో కూడా ఈయన కాఫీ వద్దన్నారయ్యా. పిల్ల నచ్చలేదేమో అనుకుని మా నాన్నగారు ఇంకో సంబంధానికి కబురు పెట్టేశారు." అంకుల్ పేపర్ వెనక నుంచి, "మీ నాన్నగారు కూడా రెండుసార్లే అడిగారు" అన్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కేసు ఇంట్లో పెండింగ్‌లోనే ఉన్నట్టుంది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. ఇల్లు ఖాళీ చేస్తూ జోన్ ఆయనకు ఫోన్ చేసి, కెన్ పోగేసిన తీగల పెట్టెలు కొన్ని ఉన్నాయి, మీకేమైనా అని అంటుండగానే అంకుల్ తీసుకుంటానన్నారు. వాక్యం పూర్తి కానివ్వలేదట. ఇప్పుడు గ్యారేజీలో కారుకు చోటు లేదు. ఆ సాయంత్రం మేమిద్దరం కింద కూర్చుని పెట్టెలన్నీ విప్పాం. ఎక్స్‌టెన్షన్ తీగలు, పనిచెయ్యని డోర్‌బెల్లులు, క్రిస్మస్ దీపాల దండలు. కెన్ లాంటి మనిషి ఒకటి కొన్నచోట రెండు కొని ఉండవచ్చని ఇద్దరికీ ఆశ. పైకి ఎవరూ అనలేదు. ఆఖరి పెట్టెలో అడుగున గుండ్రంగా నల్లగా ఏదో తగిలింది. అంకుల్ దాన్ని పైకి తీసి లైటు కింద పెట్టారు. హెయిర్ డ్రయర్ పిడి.

చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చాం. ఇండిపెండెంట్లన్నీ అక్కడ గోడ పొడవునా అలమరాలో నిలబడి ఉన్నాయి. నేను తెచ్చినదాన్ని వాటి మధ్య దాని స్థానంలో పెట్టాం. ఆ పెద్ద కంపెనీ రిసీవర్‌ను మళ్ళీ తగిలించబోతే ఆయన ఆపారు. సెమెట్రీ నుంచి వచ్చాక దాన్ని చూడలేకపోతున్నానన్నారు. రిసీవర్ బరువు లేకపోతే క్యాండిల్‌స్టిక్ కొక్కెం పైకి లేచి నిలబడుతుంది. లైనుకు కలిపి ఉంటే ఆ ఫోన్‌కు ఎవరు చేసినా బిజీ అని వస్తుంది.

లీడ్స్ వైపు ఒకాయన అచ్చంగా అసలుదానిలాంటి నకలు రిసీవర్లు చేస్తారని, కొలతలు ఇస్తే గీతలతో సహా చేయిస్తానని చెప్పాను. జోన్ టేబుల్ దగ్గర నేను కొలతలు తీసుకున్నాను కూడా. రెండడుగుల దూరం నుంచి ఎవరూ కనిపెట్టలేరన్నాను.

"వద్దులే బాబూ."

"నిజంగానా అంకుల్?"

"ఆయ్."

నేను మూడోసారి అడిగాను. చేయించేదా, వద్దా, మొగమాటం లేకుండా చెప్పమన్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"ఇది నిజంగానే వద్దు" అన్నారు. అలమరా తలుపు ఆయనే మూశారు.

ఆ తర్వాత నా పనిలో ఒక్క మార్పు వచ్చింది. మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు మొదటి వద్దును నేను లెక్కలోకి తీసుకోను, ఆగి ఇంకోసారి అడుగుతాను, ఆ తర్వాత మరోసారి. ఇంగ్లీషువాళ్ళ ఇంటికి మనవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు, ఆర్ యూ ష్యూర్ అన్నారంటే అదే ఆఖరి బస్సు అని దారిలో చెబుతాను. అందరూ తల ఊపుతారు. ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాం, మాకు తెలియదా అంటారు.

ఈ పనిలోకి వచ్చినప్పుడు, నష్టం జరిగిందంటే ఎక్కడో ఒక అజాగ్రత్త మనిషి ఉండి ఉంటాడని అనుకునేవాణ్ణి. జారవిడిచినవాడో, పాలిష్ పెట్టి రుద్దినవాడో. ఆ రోజు స్టీవెనేజ్‌లో అలాంటివాళ్ళు ఎవరూ లేరు. ఎదుటివారి మనసు నొప్పించకూడదని ఇద్దరు మనుషులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడారు. ఒక వస్తువు మట్టిలోకి వెళ్ళడానికి అది కూడా సరిపోతుందని నాకు తెలిసింది. తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు, అదొక్కటే తేడా.